గురికి కొలత నేర్పిన యంత్రశిల్పి: సర్ జోసెఫ్ విట్‌వర్త్

గురి అనగానే మన మనస్సులో మెదిలేవి మనిషి కన్ను, మనిషి చెయ్యి. ద్రోణుని శిష్యులలో పక్షి కన్ను తప్ప మరేదీ చూడని అర్జునుని కథ మనం చిన్ననాడే విన్నాము. మన కళాశాలలో ఉర్దూ అభ్యసించే మిత్రులు నిశానా అన్నా, తెలుగు అభ్యసించే మిత్రులు గురి అన్నా లోకభావన ఒక్కటే: తగిలితే అది వేసినవాని ప్రజ్ఞ, తప్పితే అది వేసినవాని లోపం. ఈ భావనను పంతొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో ఇంగ్లండుకు చెందిన ఒక యంత్రశిల్పి ప్రశ్నించాడు. గుండు లక్ష్యాన్ని తప్పినప్పుడు తప్పు చేతిదా, తుపాకీ గొట్టానిదా, గుండుదా, మందుదా అని ఒక్కొక్కదానిని విడదీసి పరిశీలించాడు. సమాధానాన్ని ఊహకు విడిచిపెట్టక కొలతతో తేల్చాలని పట్టుబట్టాడు. ఆయన పేరు జోసెఫ్ విట్‌వర్త్. కేవలం ఆయుధ నిర్మాతగా కాక, తప్పు ఎక్కడ ఉన్నదో వెదికే పద్ధతిని లోకానికి నేర్పిన ఆచార్యునిగా ఆయన జీవితాన్ని ఈ సంచికలో విద్యార్థుల ముందు ఉంచదలచాము.

విట్‌వర్త్ 1803 డిసెంబరు 21న ఇంగ్లండులో మాంచెస్టరు సమీపాన గల స్టాక్‌పోర్టు పట్టణంలో జన్మించాడు. తండ్రి బడి నడుపుకునే ఉపాధ్యాయుడు. తరువాతి కాలంలో క్రైస్తవ బోధకుడయ్యాడు. జోసెఫ్‌కు పన్నెండవ ఏట లీడ్స్ నగరానికి చేరువలోని ఐడిల్ అనే గ్రామంలోని విద్యాలయంలో చదువు చెప్పించారు. పద్నాలుగవ ఏట డెర్బీషైర్‌లో దగ్గరి బంధువు నడిపే నూలుమిల్లులో పనికి పెట్టారు. మిల్లు వ్యాపారం నేర్చుకుంటే రేపు భాగస్వామి కావచ్చునని పెద్దల ఆశ. కాని ఆ బాలుని దృష్టి వ్యాపారం మీద నిలువలేదు. నూలు వడికే యంత్రాల మీద నిలిచింది. ఆ యంత్రాలు ఎంత మొరటుగా తయారై ఉన్నవో, ఒక భాగం మరొక భాగంతో ఎంత అసందర్భంగా అతుక్కొని ఉన్నదో ఆయన గమనించాడు. కొన్నేళ్లకు ఆ మిల్లును, దానితోపాటు భాగస్వామ్యపు ఆశను విడిచి, మాంచెస్టరు చేరి సామాన్య కార్మికునిగా యంత్రశాలలో ప్రవేశించాడు.

1825లో లండనుకు వెళ్లి, ఆనాడు యంత్రనిర్మాణంలో అగ్రగణ్యుడైన హెన్రీ మాడ్‌స్లే కర్మాగారంలో చేరాడు. ఆ సంవత్సరమే ఫానీ ఆంకర్స్ అనే యువతిని వివాహమాడాడు. మాడ్‌స్లే వద్ద కొంతకాలం, తరువాత హోల్ట్‌జాఫెల్ వద్ద, ఆపైన చార్లెస్ బాబేజ్ గణనయంత్రం రూపొందుతున్న జోసెఫ్ క్లెమెంట్ కర్మశాలలో పనిచేశాడు. 1833లో మాంచెస్టరుకు తిరిగివచ్చి, ఆవిరి శక్తి అందే ఒక గదిని అద్దెకు తీసుకొని, లండను నుండి వచ్చిన పనిముట్ల నిర్మాతనని బోర్డు కట్టుకున్నాడు. ఆయన స్వతంత్ర జీవితం ఆ అద్దె గదిలో ప్రారంభమైంది.

విట్‌వర్త్ ప్రతిభకు పునాది ఒక సాదా లోహపు పలక. యంత్రం సరిగా నడవాలంటే దాని తలాలు నిజంగా చదునుగా ఉండాలి. అయితే ఒక పలక చదునుగా ఉన్నదని తెలియడం ఎలా? రెండు పలకలను ఒకదానితో ఒకటి రుద్ది సరిపోల్చితే చాలదా అని మనకు తోచవచ్చును. కాని ఒకటి గుంటగాను, మరొకటి ఉబ్బుగాను ఉన్నా అవి రెండూ చక్కగా అతుక్కుంటాయి. అరచేతిలో బంతి ఇమిడినట్లు ఇమిడిపోతాయి. రెండింటి పొత్తు రెండింటి నిజాయితీకి సాక్ష్యం కాదు. అందువల్ల మూడవ పలక కావాలి. మూడు పలకలను ఇద్దరిద్దరి చొప్పున మార్చి మార్చి పోల్చి, ఎత్తుగా ఉన్న చోట్లను రంగు గుర్తుతో కనిపెట్టి, సన్నని ఉలితో గీకుతూ పోతే, చివరకు మూడూ ఒకదానికొకటి సరిపోయే స్థితి వస్తుంది. ఆ స్థితిలో మూడూ చదునుగా ఉండి తీరవలసిందే. ఈ పద్ధతికి మాడ్‌స్లే కర్మాగారంలోనే బీజం పడింది. రాపిడి పొడితో అరగదీయడానికి బదులు గీకుడునే పద్ధతిగా స్థిరపరచి, 1840లో గ్లాస్‌గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో వివరించి, దానికి శాస్త్ర గౌరవం కలిగించినవాడు విట్‌వర్త్.

తలం సిద్ధమైన తరువాత కొలత. ఆనాటి పనివారు అంగుళంలో ముప్పైరెండవ వంతును గొప్ప సూక్ష్మంగా భావించేవారు. విట్‌వర్త్ కంటితో కొలవడం మాని స్పర్శతో కొలిచే యంత్రాన్ని నిర్మించాడు. దాని లెక్క చూడండి. అంగుళానికి 20 చుట్లు గల మర ఒకటి. ఆ మరను తిప్పే చక్రానికి 200 పళ్లు. ఆ చక్రాన్ని తిప్పే మరొక చక్రం అంచు మీద 250 విభాగాలు. 20ని 200తో, ఆ లబ్ధాన్ని 250తో గుణిస్తే 10 లక్షలు. కాబట్టి చివరి చక్రం ఒక్క విభాగం కదిలితే కొలిచే ముఖం అంగుళంలో పదిలక్షవ వంతు మాత్రమే జరుగుతుంది. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనలో ఆయన యంత్రాలకు ప్రత్యేక ఖ్యాతి లభించింది.

మూడవది మరచుట్టు. అంతవరకు ప్రతి కర్మశాల తన ఇష్టం వచ్చినట్లు బోల్టులకు చుట్లు కోసుకునేది. ఒక ఊరి నట్టు మరొక ఊరి బోల్టుకు ఎక్కేది కాదు. విట్‌వర్త్ అనేక కర్మశాలల నుండి బోల్టులను సేకరించి, వాటి కొలతల సగటులను ఆధారంగా తీసుకొని, 1841లో ఒక ఏకరీతి పద్ధతిని ప్రతిపాదించాడు. చుట్టు కోణం 55 డిగ్రీలు. పావు అంగుళపు బోల్టుకు అంగుళానికి 20 చుట్లు, అర అంగుళానికి 12, అంగుళానికి 8. మన పట్టణాలలో లేతు పనివారు చూడీ అని పిలిచేది ఈ చుట్టునే. పాత యంత్రాలను మరమ్మతు చేసేవారికి విట్‌వర్త్ చూడీ అనే మాట కొత్తది కాదు. ఆ పేరుగల మనిషి ఎవరో మాత్రం చాలామందికి తెలియదు.

ఇక ఆయన గురి కథకు వస్తున్నాము. 1854లో క్రిమియా యుద్ధ సమయాన బ్రిటిష్ ప్రభుత్వానికి పెద్దసంఖ్యలో రైఫిళ్లు అవసరమయ్యాయి. అప్పటి రైఫిళ్లు బర్మింగ్‌హాం పనివారి చేతులలో ఒక్కొక్కటిగా తయారయ్యేవి. వాటిని యంత్రాలతో తయారుచేసే ఏర్పాటు చేయమని ప్రభుత్వం విట్‌వర్త్‌ను కోరింది. మరొకరైతే వెంటనే యంత్రాల చిత్రాలు గీసి ఇచ్చేవారు. ఆయన ముందుగా తుపాకీ పనివారిని ప్రశ్నించాడు. గొట్టం ఎంత మందం ఉండాలి, లోపలి గాళ్లు ఎంత మెలిక తిరగాలి, గుండు ఎంత పొడవు ఉండాలి అన్న విషయాలలో ఏ ఇద్దరి మాటా కలవలేదు. ఎందుకు అలా అని అడిగితే ఆచారమే సమాధానం. కారణం తెలియని వస్తువును యంత్రంతో లక్షల సంఖ్యలో తయారుచేస్తే తప్పు కూడా లక్షల సంఖ్యలో తయారవుతుంది. అందువల్ల ఉత్తమమైన రైఫిల్ లక్షణాలేమిటో తేల్చనిదే యంత్రాల ఊసు వద్దని విట్‌వర్త్ నిశ్చయించాడు.

ప్రయోగాల నిమిత్తం మాంచెస్టరు పొలిమేరలో రషోం అనే చోట గల ఆయన ఇంటి ఆవరణలో ప్రభుత్వ వ్యయంతో ఒక పొడవైన కప్పుగల శాల కట్టించారు. పొడవు 500 గజాలు, వెడల్పు 16 అడుగులు, ఎత్తు 20 అడుగులు. గాలి తాకిడి గుండును పక్కకు నెట్టకుండా ఉండడానికే ఈ కప్పు, ఈ గోడలు. కట్టిన కొద్దికాలానికే పెద్ద గాలివాన వచ్చి శాలను కూల్చివేసింది. మళ్లీ కట్టించి 1855 మార్చిలో ప్రయోగాలు ప్రారంభించాడు.

ఆ శాలలో ఆయన అనుసరించిన పద్ధతిని విద్యార్థులు శ్రద్ధగా గమనించాలి. ముందుగా మనిషి చేతిని లెక్కలో నుండి తొలగించాడు. రైఫిల్‌ను దృఢమైన ఆధారం మీద బిగించి పేల్చాడు. ఇక చెయ్యి వణికిందన్న సాకు మిగలలేదు. తరువాత శాల పొడవునా పలుచని కాగితపు తెరలు వేలాడదీశాడు. గుండు ఒక్కొక్క తెరను చీల్చుకుంటూ పోతుంది. ఆ రంధ్రాలను వరుసగా చూస్తే గుండు ఏ దారిన పోయిందో, ఎక్కడ ఒరిగిందో, ఎక్కడ పల్టీకొట్టిందో కనబడుతుంది. గుండ్రని రంధ్రం పడితే గుండు ముక్కు ముందుకు ఉన్నదని అర్థం. నిడుపాటి రంధ్రం పడితే గుండు అడ్డం తిరిగిందని అర్థం. అన్నింటికీ మించిన నియమం మరొకటి. ఒకసారికి ఒక్క అంశాన్ని మాత్రమే మార్చడం. గొట్టం మెలిక మార్చినప్పుడు మందు మార్చలేదు. మందు మార్చినప్పుడు గుండు మార్చలేదు. రెండింటిని ఒకేసారి మార్చితే ఫలితం బాగుపడినా ఎందువల్ల బాగుపడిందో చెప్పలేము.

ఇక్కడ కొంత వివరణ అవసరం. రైఫిల్ గొట్టం లోపలి గాళ్లు మెలికలు తిరిగి ఉంటాయి. ఆ మెలిక గుండును గిరగిర తిప్పుతుంది. తిరుగుతున్న బొంగరం నిటారుగా నిలిచి, తిరుగుడు తగ్గగానే తూలిపోవడం మనందరికీ తెలుసు. గుండు కూడా అంతే. పొట్టి బొంగరం కొద్దిపాటి తిరుగుడుతో నిలుస్తుంది. పొడవైన బొంగరానికి ఎక్కువ తిరుగుడు కావాలి. నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టపు రంధ్రం 0.577 అంగుళం, దానిలోని గాళ్లు 78 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేవి. ఆ మందకొడి మెలికతో పొట్టి లావు గుండు మాత్రమే నిలకడగా పోగలదు. పొట్టి లావు గుండుకు గాలి అడ్డు ఎక్కువ. దూరం పోయేకొద్దీ వేగం క్షీణించి, దారి వంగిపోతుంది.

విట్‌వర్త్ సీసం బరువును తగ్గించలేదు. ఎన్‌ఫీల్డ్ గుండు బరువు ఎంతో తన గుండు బరువు కూడా అంతే, అనగా 530 గ్రెయిన్లు, మన లెక్కలో సుమారు 34 గ్రాములుగా ఉంచాడు. అదే సీసాన్ని సన్నగా, పొడవుగా పోతపోశాడు. గొట్టపు రంధ్రాన్ని 0.45 అంగుళానికి తగ్గించాడు. పొడవైన గుండుకు తగిన తిరుగుడు ఇవ్వడానికి 20 అంగుళాలకే ఒక చుట్టు తిరిగే మెలిక పెట్టాడు. గుండు గొట్టానికి అతికినట్లు సరిపోవడానికి రంధ్రాన్ని ఆరు పలకలుగా మలిచాడు. గుండును కూడా అదే ఆరు పలకల మెలికతో తయారుచేశాడు. గుండు, గొట్టం, మెలిక, మందు అనే నాలుగూ ఒకదానితో ఒకటి శ్రుతి కలిసినప్పుడే గురి కుదురుతుందని ఆయన తేల్చాడు. వీణ తంత్రులలో ఒక్కటి శ్రుతి తప్పినా రాగం చెడినట్లే, ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినా గురి చెడుతుంది.

ఆయన ప్రయోగంతో కనుగొన్నదానికి తరువాత గణితం మద్దతు పలికింది. 1879లో జార్జి గ్రీన్‌హిల్ అనే గణితాచార్యుడు సీసపు గుండ్ల మెలికకు ఒక సులభ సూత్రం ఇచ్చాడు. గుండు మందపు వర్గాన్ని 150తో గుణించి, గుండు పొడవుతో భాగిస్తే ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు కావాలో తెలుస్తుంది. మందం 0.45 అంగుళం, పొడవు దానికి మూడు రెట్లు అనుకుంటే సమాధానం 22½ అంగుళాలు. గుండు ఇంకొంత పొడవైతే సమాధానం 20కి చేరువవుతుంది. సూత్రం పుట్టడానికి ఇరవై ఏళ్లకు పూర్వమే కాగితపు తెరల మీది రంధ్రాలు విట్‌వర్త్‌కు ఆ సంఖ్యను చూపాయి.

1857 ఏప్రిల్‌లో హైత్ అనే చోట గల సైనిక తుపాకీ శిక్షణాలయంలో యుద్ధమంత్రి లార్డ్ పాన్‌మ్యూర్ సమక్షంలో రెండు రైఫిళ్లకు పోటీ పరీక్ష జరిగింది. ఆ పరీక్షలో ఒక్క గుండు తగిలిందా లేదా అని చూడలేదు. అనేక గుండ్లను వరుసగా పేల్చి, వాటి మధ్యబిందువును గుర్తించి, ఒక్కొక్క గుండు ఆ బిందువుకు ఎంత దూరాన పడిందో కొలిచి సగటు కట్టారు. 500 గజాల దూరంలో ఎన్‌ఫీల్డ్ సగటు సుమారు 27 అంగుళాలు. విట్‌వర్త్ సగటు సుమారు 4½ అంగుళాలు. 1,100 గజాల దూరంలో ఎన్‌ఫీల్డ్‌కు 8 అడుగులు, విట్‌వర్త్‌కు రెండున్నర అడుగులు. 1,400 గజాల దూరంలో ఎన్‌ఫీల్డ్‌కు లెక్క కట్టడమే సాధ్యపడలేదు. విట్‌వర్త్ రైఫిల్ అక్కడ కూడా కొలవదగిన ఫలితమిచ్చింది. ఆ సంవత్సరమే ఆయన రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు.

1857 అనగానే మన దేశస్థులకు గుర్తుకు వచ్చేది హైత్ కాదు, మీరట్. ఇంగ్లండు తీరాన విట్‌వర్త్ చేతిలో ఓడిన ఆ ఎన్‌ఫీల్డ్ రైఫిలే ఆ వసంతంలో మన సిపాయిల చేతికి వస్తున్నది. దాని తూటా కాగితపు పొట్లం. దాని కొసను పంటితో కొరికి మందు పోయాలి. గుండు గొట్టంలోకి సులువుగా జారడానికి ఆ కాగితానికి కొవ్వు పూసేవారు. అది ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న అనుమానం హిందూ సిపాయిని, ముస్లిం సిపాయిని ఏకకాలంలో గాయపరచింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. మే 10న మీరట్ మండింది. జూలై 17న హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ల నాయకత్వాన రెసిడెన్సీపై దాడి జరిగింది. మహా తిరుగుబాటుకు రాజకీయ, ఆర్థిక కారణాలు అనేకం కలవు. తూటా నిప్పురవ్వ మాత్రమే. ఈ వ్యవహారంతో విట్‌వర్త్‌కు ఏ సంబంధమూ లేదు. అయినా గురి శాస్త్రం చదివేవారు దీనిని మరువరాదని మా భావన. ఆ కొవ్వు ఎంత వేడికి కరుగుతుందో, గొట్టంలో ఎంత నునుపు ఇస్తుందో లెక్కించినవారు, దానిని పంటితో కొరకవలసిన మనిషి మనస్సును లెక్కలోకి తీసుకోలేదు. వస్తువును కొలిచి మనిషిని విస్మరించిన కొలత ఎంత ప్రమాదకరమో ఆ ఒక్క సంవత్సరమే చాటింది.

పరీక్షలో గెలిచిన విట్‌వర్త్ రైఫిల్‌ను సైన్యం స్వీకరించిందా? లేదు. రంధ్రం మరీ సన్నమని అధికారులు ఆక్షేపించారు. నల్లమందు మసి చేరగానే బిగువైన గుండును నోటినుండి దించడం కష్టమన్నారు. ఖరీదు ఎక్కువన్నారు. ఈ ఆక్షేపణలలో కొంత సత్యం లేకపోలేదు. శాలలో బిగించి పేల్చే రైఫిల్ వేరు, వానలో బురదలో సిపాయి మోసే రైఫిల్ వేరు. కాని రంధ్రం విషయంలో కాలం విట్‌వర్త్ పక్షాననే తీర్పు చెప్పింది. 1869లో ప్రభుత్వ సంఘమే 0.45 అంగుళపు రంధ్రం సైనిక రైఫిల్‌కు మిక్కిలి అనువైనదని నిర్ణయించింది. 1871లో స్వీకరించిన మార్టినీ-హెన్రీ రైఫిల్ రంధ్రం 0.45; మెలిక 22 అంగుళాలకు ఒక చుట్టు.

సైన్యం తిరస్కరించిన రైఫిల్‌ను గురి పందెగాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. 1860 జూలై 2న వింబుల్డన్ మైదానంలో జాతీయ రైఫిల్ సంఘపు మొదటి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది. విట్‌వర్త్ రైఫిల్‌ను ఆయనే ఒక ఇనుప ఆధారం మీద అమర్చి గురి సరిచూసి ఉంచగా, రాణి పట్టుతాడు లాగింది. 400 గజాల దూరాన గుండు లక్ష్యపు కేంద్రానికి అంగుళం పావు దూరంలో తగిలింది. తుపాకీ పట్టని చేతితో అంతటి గురి కుదరడం జనానికి వింతగా తోచింది. విట్‌వర్త్‌కు మాత్రం అది తన వాదానికి బహిరంగ నిదర్శనం: రైఫిల్, గుండు, మందు సరిగా కుదిరి ఉంటే మిగిలిన తప్పు మనిషిది; అవి కుదరకుంటే మనిషిని నిందించడం అన్యాయం.

అప్పటినుండి దూరపు గురి పోటీలలో తూటా తయారీ ఒక శ్రద్ధగల విద్యగా మారింది. పోటీదారులు మందును ప్రతిసారి త్రాసులో తూచేవారు. పొడవైన గొట్టపు గరాటుతో మందును అడుగుదాకా దించేవారు, దారిలో గోడలకు అంటుకోకుండా. గుండ్లను తూచి, బరువు తేడా ఉన్నవాటిని ఏరివేసేవారు. ప్రతి పేల్పు తరువాత గొట్టాన్ని శుభ్రంగా తుడిచేవారు. మొదటి గుండుకు, పదవ గుండుకు పరిస్థితి ఒకటే కావాలన్నదే ఆ శ్రమ అంతటికీ అర్థం. గురి పందెపు రహస్యం బలమైన తూటాలో లేదు; ఒకే తీరుగా ఉండే తూటాలో ఉంది. గుండ్లన్నీ ఒకే చోట గుంపుగా పడి, ఆ గుంపు కేంద్రానికి దూరంగా ఉంటే భయం లేదు. గురిపట్టే దిమ్మెను కొద్దిగా జరిపితే సరిపోతుంది. గుండ్లు చెదిరి పడితే మాత్రం దిమ్మెను ఎంత జరిపినా ప్రయోజనం లేదు. తూటాను మళ్లీ శ్రుతి చేయవలసిందే.

విట్‌వర్త్ చెప్పినదంతా నిలిచిందని మేము అనడం లేదు. విలియం ఎల్లిస్ మెట్‌ఫర్డ్ అనే మరొక యంత్రశాస్త్రజ్ఞుడు, ఆరు పలకల రంధ్రం అవసరం లేదని, లోతు తక్కువ గాళ్లు, కాగితం చుట్టిన గట్టి గుండు చాలునని నిరూపించి, 1860వ దశకంలోనే పోటీలలో విట్‌వర్త్ రైఫిళ్లను మించిపోయాడు. విట్‌వర్త్ ఎంతో మక్కువపడిన ఆరు పలకల ఆకారం చరిత్రలో కలిసిపోయింది. ఆయన తేల్చిన నిష్పత్తులు, ఆయన పాటించిన పరీక్షా పద్ధతి నిలిచాయి. ఆకారం మీది అభిమానం కన్నా పద్ధతి గొప్పదని ఇందువల్ల తెలుస్తున్నది.

ఈ రైఫిల్ చరిత్రలో రక్తపు మరక కూడా కలదు. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని సమర్థించిన దక్షిణ రాష్ట్రాల సైన్యానికి కొన్ని విట్‌వర్త్ రైఫిళ్లు చేరాయి. వాటిని ఏరికోరిన గురికాండ్రకు ఇచ్చారు. 1864 మే 9న స్పాట్‌సిల్వేనియా వద్ద ఉత్తర సైన్యపు సేనాని జాన్ సెడ్జ్‌విక్ దూరం నుండి వచ్చిన గుండుకు నేలకూలాడు. అది విట్‌వర్త్ రైఫిల్ గుండేనని చాలామంది చరిత్రకారుల విశ్వాసం. కొలతకు ధర్మాధర్మాలు తెలియవు. అది పందెపు పలక మీద ఎంత నమ్మకంగా పనిచేస్తుందో మనిషి గుండె మీద కూడా అంతే నమ్మకంగా పనిచేస్తుంది. ధర్మాన్ని నిర్ణయించవలసిన బాధ్యత కొలిచేవానిదే.

విట్‌వర్త్ తన సంపదను వినియోగించిన తీరు ఈ సందర్భంలో చెప్పదగినది. 1868లో ఆయన ప్రధానమంత్రి డిజ్రేలీకి లేఖ వ్రాసి, యంత్రవిద్య అభ్యసించే యువకులకు సంవత్సరానికి 100 పౌండ్ల చొప్పున 30 విద్యార్థి వేతనాలు ఏర్పాటు చేస్తానని ప్రతిపాదించాడు. అందుకు లక్ష పౌండ్ల నిధి ఉద్దేశించాడు. పుస్తక జ్ఞానం ఉండి పనిముట్టు పట్టలేనివాడు, పనిముట్టు పట్టగలిగి కారణం తెలియనివాడు ఇద్దరూ సగం మనుషులేనని ఆయన అభిప్రాయం. కనుక ఆ వేతనాలకు శాస్త్రజ్ఞానం, చేతిపని నైపుణ్యం రెండూ అర్హతలుగా పెట్టాడు. కర్మశాలలో కూలివాడిగా ఉన్న యువకుడు కూడా పోటీపడవచ్చును. ఆయన పేరిట ఆ వేతనాలు నేటికీ కొనసాగుతున్నాయి. విద్యాసంస్థలను నడిపే పెద్దలు ఈ ఏర్పాటులోని దూరదృష్టిని గమనింతురుగాక అని ఆశిస్తున్నాము. తిరస్కృతమైన ఒక రైఫిల్‌కన్నా ఆ వేతనాలే ఆయన పేరును ఎక్కువ గౌరవంగా మోశాయి.

1869లో ఆయనకు బారోనెట్ బిరుదు లభించింది. కరిగిన ఉక్కును గట్టిపడకముందే తీవ్రమైన ఒత్తిడితో నొక్కి, లోపల గాలి బుడగలు లేకుండా చేసే పద్ధతిని ఆయన రూపొందించాడు. గొట్టం పగలకుండా ఉండడానికి ఆ ఉక్కు ఎంతో ఉపకరించింది. 1874లో తన సంస్థను వాటాల సంస్థగా మార్చి, పనిచేసేవారికి కూడా వాటాలు తీసుకునే అవకాశం కల్పించాడు. మొదటి భార్య గతించిన తరువాత 1871లో మేరీ లూయిసాను వివాహమాడి డెర్బీషైర్‌లోని డార్లీ డేల్‌లో నివసించాడు. ఆయనకు సంతానం లేదు. 1887 జనవరి 22న మాంటె కార్లోలో దివంగతుడయ్యాడు. ఆయన ధనంతో మాంచెస్టరులో ఉద్యానవనం, చిత్రకళాశాల, వైద్య విద్యా సంస్థలకు సహాయం ఏర్పడ్డాయి. ఆయన సంస్థ 1897లో చిరకాల ప్రత్యర్థి ఆర్మ్‌స్ట్రాంగ్ సంస్థతో కలిసిపోయింది.

నేడు గురి క్రీడలో తమ తూటాలను తామే కూర్చుకునే పోటీదారులు ప్రపంచంలో అనేక దేశాలలో ఉన్నారు. వారు మందును గ్రెయిన్‌లో పదవ వంతు వరకు, అనగా ఆరున్నర మిల్లీగ్రాముల తేడా వరకు తూచుకుంటారు. గుండు ఎంత లోతున కూర్చున్నదో అంగుళంలో వెయ్యవ వంతులలో కొలుచుకుంటారు. ఒకసారికి ఒకే అంశాన్ని కొద్దికొద్దిగా మార్చి, గుంపు ఎప్పుడు చిక్కబడుతుందో చూస్తారు. గాలి రైఫిల్ పోటీలకు సిద్ధమయ్యేవారు కూడా రైఫిల్‌ను బిగించి, వేర్వేరు బ్యాచ్‌ల పెల్లెట్లను పేల్చి, తమ గొట్టానికి ఏది కుదురుతుందో ఎంచుకుంటారు. 2012 లండను ఒలింపిక్స్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 10 మీటర్ల గాలి రైఫిల్‌లో కాంస్యం సాధించినప్పుడు మనమందరం సంతోషించాము. ఆ క్రీడ వెనుక ఉన్న పరీక్షా సంప్రదాయం రషోం శాలలోని కాగితపు తెరల నుండి వచ్చినదే.

మన విద్యార్థులలో తుపాకీ పట్టేవారు ఎందరుంటారు? బహుకొద్దిమంది. కాని ప్రయోగశాలలో ఫలితం తప్పినప్పుడు, పరీక్షలో మార్కులు తగ్గినప్పుడు, ఇంట్లో వ్యవహారం చెడినప్పుడు తప్పు ఎవరిదని అడిగే సందర్భం అందరికీ వస్తుంది. అప్పుడు వెంటనే చేతిని నిందించకండి. వెంటనే పనిముట్టునూ నిందించకండి. రెండింటినీ విడదీయండి. ఒక్క అంశాన్ని మార్చి చూడండి. రెండు పలకలు ఒకదానికొకటి సరిపోయినంత మాత్రాన సత్యమని భావించక మూడవ పలకను తెచ్చి పోల్చండి. మీరు కొలుస్తున్న దాని అవతలి కొసన ఒక మనిషి నిలిచి ఉన్నాడని మాత్రం ఏనాడూ మరువకండి.